మనీలా అత్త భిక్షకు నా నాలుక సాక్ష్యం

కొలువు లేని మనిషికి వాడకట్టులో దొరికినన్ని పదవులు కొలువున్న మనిషికి దొరకవు. తెలంగాణ వచ్చి నాలుగైదేళ్లయిన ఆ కాలంలో నేను డిగ్రీ పూర్తిచేసి, నోటిఫికేషన్ల కోసం ఎదురుచూస్తూ, నల్గొండలో మా వాడకట్టుకంతటికీ జీతం లేని ఉద్యోగిగా ఉండేవాణ్ని. ముసలమ్మలను దవాఖానకు తోలుకుపోవడం, పెళ్లిపత్రికల్లో అచ్చుతప్పులు చూడటం, కొత్త ఫోన్ కొన్నవాళ్లకు దాన్నెట్లా వాడాలో చెప్పి పాడుచేసి ఇవ్వడం, అన్నీ నా శాఖలే. ఇన్ని శాఖలు చూసేవాడికి తనకు తెలియనిదంటూ లోకంలో లేదన్న భ్రమ కలగడం సహజం. హైదరాబాదులో ఆరు నెలలు కోచింగ్ పేరిట ఉండివచ్చాను కాబట్టి నాకు ఆ భ్రమ మరికాస్త ముదిరి ఉండేది. (ఆ ఆరు నెలల్లో నేను నేర్చుకున్నది హాస్టల్ సాంబారును నమ్మకూడదని మాత్రమే.) అలాంటి నాకు ఒక చలికాలం, పదకొండు మంది స్వాముల దీక్షను నా నాలుక మీద మోసే బాధ్యత వచ్చిపడింది.

మాది మగ్గాల వాడ. సగం ఇళ్లలో మగ్గాలు ఇంకా ఆడుతున్నాయి, మిగతా సగం ఇళ్లలో మగ్గం గుంటలు పూడ్చి పైన టైల్స్ వేశారు. మా బాపు మొదటి సగం. మా వరుసలో ఐదో ఇంటాయన రెండో సగం. ఆయన దుబాయ్‌లో హోటల్ వంటింట్లో చాలా ఏళ్లు పనిచేసి, అక్కడే తనతో పనిచేసే ఫిలిప్పీన్స్ ఆవిడను పెళ్లి చేసుకుని తిరిగొచ్చాడు. ఆయన మాకు దుబాయ్ మామ కాబట్టి ఆవిడ మనీలా అత్త అయింది. (ఆవిడది మనీలా కాదు, దానికి దూరంగా ఉన్న ఏదో దీవి. కానీ మా వాడకు ఆ దేశంలో తెలిసిన ఊరు అదొక్కటే. కొన్నాళ్లు దిద్ది దిద్ది ఆవిడే మానుకుంది.) ఇద్దరూ కలిసి ఇంటి ముందుభాగంలో నాలుగు బల్లలేసి ఫిలిప్పీన్స్ వంటల హోటల్ పెట్టారు. వెనకాల ఇల్లు, దాని వెనక చిన్న పెరడు. ఆ దేశంలో డాక్టరీ చదివొచ్చిన పిల్లలు అక్కడి తిండి యాదికొచ్చినప్పుడల్లా బండ్లేసుకుని వచ్చేవాళ్లు. మా వాడకట్టు వాళ్లు మాత్రం ఎదురుగా నిలబడి బోర్డు చదివి వెళ్లిపోయేవాళ్లు. లోపల పాములు వండుతారని ఒకరు, కప్పలని ఒకరు. చాయ్ హోటల్ దగ్గర ఈ ముచ్చట వచ్చినప్పుడల్లా నేను ఖండించేవాణ్ని, అసొంటి వంటలు హైదరాబాదులో మస్తు తిన్నానని చెప్పేవాణ్ని. నిజానికి నేనూ బోర్డు చదివి వెళ్లిపోయే బాపతే.

ప్రతి ఏడూ కార్తీకంలో మా వాడలో పది పన్నెండు మంది అయ్యప్ప మాల వేసుకుంటారు. మాలలో ఉన్నవాళ్లకు పగలు ఒక్కపూటే భోజనం, అది కూడా రోజుకొక ఇంట్లో. దాన్ని భిక్ష అంటారు. పేరుకు భిక్ష గానీ ఇక్కడ పెట్టేవాళ్లే బతిమాలాలి, తినేవాళ్లు దయచేయాలి. మా వరుసలో మొదటి ఇంటి నుంచి మొదలై రోజుకొక గడప చొప్పున భిక్ష జరిగిపోతుంది. నాలుగో ఇల్లు అయ్యాక ఆరో ఇల్లు. మూడేళ్లుగా అదే వరుస. ఐదో ఇల్లు వదిలెయ్యాలని ఎవరూ కూర్చుని తీర్మానం చేయలేదు, అడుగు అట్లా దాటిపోయేదంతే. ఆరో ఇంటి భిక్ష రోజు మనీలా అత్త గడప కడిగి, పసుపు రాసి, ముగ్గేసి, వాకిట్లో నిలబడేది. నల్లబట్టల స్వాములు శరణుఘోష చెప్పుకుంటూ ఆమె ముందు నుంచే ఆరో ఇంటికి వెళ్లేవాళ్లు. ఆమె చేతులు జోడించేది. నేను మూడేళ్లూ చూశాను. చూసి, ముగ్గు బాగుందనుకున్నాను.

ఆ ఏడు మా బాపు మొదటిసారి మాల వేసుకున్నాడు. మాల వేసుకున్నాక ఎవరైనా స్వామే కాబట్టి నేను బాపును స్వామీ అని పిలవాల్సి వచ్చింది, ఆయన నన్నూ స్వామీ అనాల్సి వచ్చింది. అందువల్ల ఆ నలభై ఒక్క రోజులూ నన్ను తిట్టడం ఆయనకు చాలా కష్టమైంది. "స్వామీ, పొద్దెక్కేదాక పంటే ఎట్ల స్వామీ" అనేవాడు పళ్లు బిగబట్టి. ఒక సాయంత్రం మా ఇంట్లో పూజ అయి స్వాములంతా కూర్చున్నప్పుడు మనీలా అత్త వచ్చి గురుస్వామి ముందు నిలబడింది. మా గురుస్వామి కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరైనవాడు. పాపమూ షార్ట్‌సర్క్యూటూ చిన్న జాగాలోనే మొదలవుతాయని ఆయన నమ్మకం. అత్తకు మా భాష దుబాయ్ మామ నేర్పాడు, కాబట్టి ఆమె మాట్లాడితే అచ్చంగా మా వాడ మనిషి మాట్లాడినట్టే ఉంటుంది.

"నాలుగో ఇంటికెల్లి ఆరో ఇంటికి వోతున్నరు స్వామీ. నడ్మల మా ఇల్లున్నది. మీకు కండ్లవడ్తలేదా?" అన్నది.

పదకొండు మందిలో ఒక్కరూ తల ఎత్తలేదు. ఆమెకు తెలిసే అడుగుతున్నదనీ, మాకు తెలిసే దాటుతున్నామనీ ఆ క్షణాన అందరికీ ఒకేసారి అర్థమైంది. పప్పూ చారూ మీలాగే వండుతాను, ఒక్క కూర మాత్రం మా అమ్మ నేర్పింది పెడతాను, అందరూ వాళ్ల అమ్మలు నేర్పినవే కదా పెడుతున్నారు అన్నది. గురుస్వామి గొంతు సవరించుకుని, నీసు కలవదు కదా మాతా అని అడిగాడు. కలవదన్నది. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ కూడా వద్దన్నాడు. ఆమె, "మా దేశంల ఎల్లిగడ్డ లేకుంటె పొయ్యే అంటుకోది స్వామీ. అయినా ఎయ్య" అన్నది. రేపు చెప్తామని పంపించారు.

ఆమె వెళ్లాక చర్చ మొదలైంది. ఆమె మనసు మంచిదే, కానీ అసలు ఆ కూర ఏమిటో, అందులో ఏం పడుతుందో ఎవరికి తెలుసు? వాళ్లకు చేప నీసు కాదేమో, ఎవరికెరుక? అప్పుడు వెనక వరుసలోంచి ఒక స్వామి, నా చాయ్ హోటల్ ఉపన్యాసాలు విన్నవాడు, ఆ వంటలన్నీ ఈ ఇంటి పిల్లగానికి తెలుసునట కదా అన్నాడు. అందరి ముఖాలూ నా వైపు తిరిగాయి. "నువ్వు వొయ్యి తిని సూడు స్వామీ. ఆమెకు మాత్రం చెప్పకు. నీ మాట మీదనే వస్తం" అన్నాడు గురుస్వామి. నేను సాయం కోసం బాపు వైపు చూశాను. బాపు దేవుడి పటం వైపు చూశాడు.

మర్నాడు మధ్యాహ్నం వెళ్లాను. అంతకుముందు ఫోన్‌లో ఆ దేశపు వంటల వీడియోలు చూశాను, అదే నేను చేసిన తప్పు. గుడ్డు పగలగొడితే లోపల పిల్ల ఉన్న వంటకం ఒకటి చూశాక రాత్రంతా మా ఇంటి కోడి నా వైపు అనుమానంగా చూస్తున్నట్టు కల. అయినా ధైర్యం కూడగట్టుకుని, ఇంగ్లీషులో మూడు వాక్యాలు తయారుచేసుకుని, తలుపు తోసి మొదటి వాక్యం మొదలుపెట్టాను. "కూసో కొడుకా, అన్నం తిన్నవా?" అన్నది అత్త. మిగతా రెండు వాక్యాలు ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి.

ముందు ఒక గిన్నెలో పొగలుకక్కే పులుసు తెచ్చిపెట్టింది. సినిగాంగ్ అన్నది. కళ్లు సగం మూసుకుని ఒక చెంచా నోట్లో పోసుకున్నాను. చింతపండు. అచ్చంగా మా అవ్వ జ్వరం వచ్చిన రోజు చేసే పులుసు, అందులో సాగర్ చేప ముక్క, ముల్లంగి. ఇంతకా నేను రాత్రంతా నిద్ర చెడగొట్టుకున్నది అనిపించి ముందు సిగ్గేసింది, తర్వాత ఆకలేసింది. (మాల ఉన్న ఇంట్లోవాళ్లు కూడా నీసు ముట్టకూడదు. బయట తిని, తలస్నానం చేసి లోపలికి రావచ్చన్న సవరణను నాలాంటి యువకులు సొంతంగా తెచ్చుకున్నారు.) తర్వాత పూతో అని తెల్లగా ఆవిరి మీద ఉడికింది పెట్టింది. అది ఇడ్లీకి మేనత్త కొడుకు, కాస్త తీపి మనిషి. ఇంకో బల్ల మీద డాక్టరు పిల్లలు నల్లటి కూరేదో తింటుంటే భయంభయంగా అడిగాను. మేక నెత్తురుతో చేసిందట. మన దగ్గర జాతరల్లో తినే నల్ల, అంతే. పాములెక్కడ, కప్పలెక్కడ? నేను కాస్త చిన్నబుచ్చుకున్నాను కూడా. ఆ పిల్ల ఉన్న గుడ్డు సంగతి అడిగితే, అవి ఇక్కడ దొరకవు బిడ్డా అని బాధపడింది. ఆమె బాధను నేను పంచుకోలేదు.

అప్పుడు, గూఢచారిలా గొంతు తగ్గించి, కూరగాయలతో చేసేది ఏమైనా ఉందా అని అడిగాను. పినక్బెత్ తెచ్చింది. బెండకాయ, వంకాయ, కాకరకాయ, గుమ్మడికాయ. అన్నీ మా అంగడి కూరగాయలే, చుట్టాల పెళ్లిలో కలుసుకున్నట్టు ఒక గిన్నెలో ఉన్నాయి. రుచి అద్భుతం. అడుగున ఏదో లోతైన వాసన, పేరు పెట్టలేనిది, ముక్కుకు కొంచెం గట్టిగా తగిలేది. అదేమిటని అడిగి ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ అన్నీ తెలిసినవాడు అడగడు కదా. రెండు గిన్నెలు తిని, ఇంటికి వచ్చి, తలస్నానం చేసి, సాయంత్రం గురుస్వామి ముందు నిలబడి కూరలో ఉన్నవన్నీ పేరుపేరునా చెప్పి, చివర్లో ఆయన అడగకుండానే, కొంచెం వాసన వస్తుంది గానీ అది వాళ్ల దేశపు ఇంగువ స్వామీ అన్నాను. ఎంత నమ్మకంగా అన్నానంటే, ఒక్క క్షణం ఆ దేశంలో ఇంగువ చెట్లు నా కళ్ల ముందు ఊగాయి. "ఇంగువ అయితే ఫికర్ లేదు" అన్నాడు గురుస్వామి. ఐదో ఇంటి భిక్ష ఖాయమైంది.

భిక్ష రోజు నేను లేచేసరికి అమ్మ ఇంట్లో లేదు. గుడికి పోయి ఉంటుందనుకుని, స్నానం చేసి, వడ్డన కోసం ఐదో ఇంటికి వెళ్లాను. హోటల్ మూసేశారు. బల్లలన్నీ బయటపెట్టి, గదంతా కడిగి, చాపలు పరిచారు. స్వాములు వరుసగా కూర్చున్నారు. మా బాపు గురుస్వామి పక్కనే. మనీలా అత్త గుమ్మం దగ్గర తడి జుట్టుతో, మా అమ్మ కట్టేలాంటి నేత చీర కట్టుకుని, ఒకసారి కనబడి మళ్లీ లోపలికి వెళ్లింది. విస్తర్లు పడ్డాయి, అన్నం పడింది, పప్పు పడింది. మా దగ్గర అన్నీ వడ్డించి, శరణాలు చెప్పుకున్నాకే స్వాములు ముద్ద ముడతారు. కూర బకెట్ నా చేతికిస్తూ దుబాయ్ మామ, పాపం మంచి మనసుతోనే, నా చెవిలో అన్నాడు: "ఆ దినం రెండు గిన్నెలు తిన్నవట గద అల్లుడూ. ఉంటది మరి, ఎండురొయ్యల ముద్ద వడ్డంక ఏ కూరకైనా రుచి రాకేమైతది."

అంత మాట అని, ఎవరో పిలిస్తే నీళ్లకు వెళ్లిపోయాడు. నేను బకెట్‌తో నిలబడ్డాను. ఎండురొయ్యలు. విదేశీ ఇంగువ. రెండూ నా తలలో పక్కపక్కన కూర్చుని ఒకదాన్నొకటి చూసుకున్నాయి. గురుస్వామి విస్తరి పక్కకు చెయ్యి జరిపి, నువ్వే కదా సాక్షివి అన్నట్టు నన్ను చూసి చిన్నగా నవ్వాడు. గరిటె నిండా కూర తీశాను. గరిటె గాలిలో ఆగిపోయింది. వడ్డిస్తే పదకొండు మంది దీక్ష నేలపాలు, అందులో నా బాపుది మొదటిది. వద్దని చెబితే, మూడేళ్లు ముగ్గేసి నిలబడిన మనిషి పరువు అదే ముగ్గులో కలుస్తుంది, ఇక ఈ జన్మలో ఎవరూ ఆ గడప ఎక్కరు. ఇలాంటప్పుడు కథల్లో నాయకులు ఏదో ఒక గొప్ప మాట అంటారు. నేను గరిటెను మళ్లీ బకెట్లో వేసి, వెనక్కి తిరిగి, బకెట్ పట్టుకుని పరిగెత్తాను.

ఇంట్లోంచి పడి పెరట్లోకి వచ్చేసరికి ఎదురుగా మా అమ్మ. మూడు రాళ్ల పొయ్యి ముందు, నెత్తిమీద తడి తుండుగుడ్డ చుట్టుకుని, పాయసం కలుపుతోంది. ఆ పక్కనే అత్త. పొయ్యి మీది గిన్నె మాది. నేల మీది గిన్నెలు మావి. గరిటెల మీద మా బాపు పేరు.

"గా బకెట్ ఏడికి వట్కపోతున్నవురా?" అన్నది అమ్మ.

నేను ఏడుపుకూ చెప్పడానికీ మధ్య ఉన్న ఏదో భాషలో, ఇందులో రొయ్యలున్నాయి, ఆ రోజు నేను తిన్నదాంట్లో కూడా ఉన్నాయట అన్నాను. అనగానే ఆ రోజు నీసు తిన్న సంగతి కూడా బయటపడిందని తెలిసింది గానీ అప్పటికి ఆలస్యమైంది. అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ముందు ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"నువ్వు తిన్నది హోటల్ కూర కొడుకా. భిక్ష కోసం వచ్చినవని చెప్తివా? గిరాకొచ్చిండు అనుకొని పెట్టిన" అన్నది.

హోటల్ వంటింటికి నిన్న పొద్దుటి నుంచే తాళం. ఈ కూరకు ఉప్పు కొత్త పొట్లం, కారం మా ఇంటిది, నూనె కొత్తది, పొయ్యి పెరట్లో అప్పటికప్పుడు పెట్టింది. అమ్మ తెల్లవారుజాము నుంచి అక్కడే ఉండి ప్రతిదీ దగ్గరుండి వేయించింది. నీకెవరు చెప్పారు రమ్మని అని అమ్మను అడిగాను. బాపు పంపాడట. గురుస్వామి నన్ను కూర చూసి రమ్మన్న రాత్రే బాపు అమ్మను పిలిచి, ఇద్దరు ఆడవాళ్లు కలిసి వండుకోండి, ఆమెకూ తోడుంటుంది అని చెప్పాడట. "నీ నాలుక మీద పదకొండు మంది దీక్ష వెట్టిన్రని ఎర్కయినంక నాకు నిద్రెట్ల వడ్తది?" అన్నది అమ్మ, పాయసం కలపడం ఆపకుండా. ఆ మాటకు నాకు రోషం రావాలి. రాలేదు. అక్కడే కడుగు నీళ్ల బిందె పక్కన కూలబడ్డాను. నా మాట ఎవరూ నమ్మకపోవడం అంత హాయిగా ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు.

"లే, విస్తర్లు సల్లారుతున్నయ్" అని అమ్మ గదమాయిస్తే లేచాను. లోపలికి వెళ్లేసరికి పదకొండు జతల కళ్లు బకెట్ మీదే. ఏమైంది స్వామీ అన్నాడు గురుస్వామి. ఉప్పు చూసి వచ్చాననబోయాను. (దేవుడికి చెప్పక ముందే భిక్ష రుచి చూడటం అసలు నేరమని నోరు తెరిచాక గుర్తొచ్చింది.) నా వెనకే వచ్చిన అత్త, "సల్లారినట్టున్నదని నేనే ఎన్కకు తెమ్మన్న స్వామీ" అన్నది. ఆమెను కాపాడటానికి పరిగెత్తినవాణ్ని చివరికి ఆమే కాపాడవలసి వచ్చింది.

వడ్డించాను. శరణాలయ్యాయి. మొదటి ముద్ద గురుస్వామి నోట్లోకి వెళ్లింది. గది మొత్తం ఆ ముద్దను నమిలింది. గుమ్మంలో అత్త కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, మళ్లీ చుట్టుకుంటూ నిలబడింది. ఆయన మెల్లగా మింగి, విస్తట్లో కూర ఉన్న చోటును ఖాళీ చేసి, తల ఎత్తకుండానే, "మాతా, ఇంకింత వెయ్యమను" అన్నాడు. అంతే. పొగడ్త లేదు, ఉపన్యాసం లేదు. కానీ ఆ తర్వాత పది విస్తర్ల నుంచి అదే మాట వచ్చింది, నేను ఆ పొడవాటి గదిలో రెండుసార్లు అటూ ఇటూ తిరిగాను. భిక్ష అయ్యాక అత్త, మామ ఇద్దరూ వంగి దండం పెడితే గురుస్వామి విభూతి పెట్టి, వచ్చే ఏడు నాలుగో ఇల్లు అయ్యాక ఇక్కడికే రావాలని, ఎవరైనా మరిచిపోతే తనకు యాది చెయ్యమని అన్నాడు. అత్త సరేనన్నది. తల ఊపి లోపలికి వెళ్లింది. పెరట్లోంచి ఆమె, మా అమ్మ ఒకేసారి ముక్కు చీదుకోవడం వినబడింది. పొగ వల్ల అని ఇద్దరూ అన్నారు. పొయ్యి అప్పటికి ఆరిపోయి చాలాసేపయింది.

చివరి బంతిలో నేనూ కూర్చుని తిన్నాను. దేవుడి సాక్షిగా చెప్తున్నాను, హోటల్ కూరే బాగుంది. ఆ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఇంటికి వస్తుంటే బాపు నా పక్కన నడిచాడు. నాలుగు ఇళ్ల దూరం కాబట్టి మాటలకు ఎక్కువ సమయం లేదు. బకెట్ పట్టుకుని ఎందుకు ఉరికావని అడిగాడు. ఉన్నదంతా చెప్పాను, ఇంగువతో సహా. అప్పటికి మా వాకిలి వచ్చింది. చెప్పులు లేని కాళ్లు కడుక్కుంటూ బాపు అన్నాడు:

"మొత్తుకుంటె ఆమె ఇజ్జత్ పోతుండె. సప్పుడు చేయకుంటె మా దీక్ష పోతుండె. ఉరికితె నీ ఇజ్జత్ ఒక్కటే పాయె. మంచిగనే ఆలోచన చేసినవ్ స్వామీ."

ఆ స్వామీ అన్న మాటలో ఈసారి పళ్లు బిగబట్టడం లేదు. నేను అంత ఆలోచన ఏమీ చేయలేదనీ, నా కంటే ముందు నా కాళ్లే నిర్ణయం తీసుకున్నాయనీ చెప్పాలనుకున్నాను. కానీ బాపు నన్ను మెచ్చుకున్న సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టేవి, ఆ వేళ్లలో కూడా చాలా ఖాళీలున్నాయి, అందుకని ఊరుకున్నాను. ఇప్పుడు నాకు కొలువుంది, ఏ పని చేసినా ముందు కూర్చుని రెండువైపులా ఆలోచించే అలవాటూ వచ్చింది. అట్లా ఆలోచించి చేసిన పనుల్లో ఒక్కటి కూడా ఆ పరుగంత తెలివైనది కాలేదు.